కాలని చెయ్యి

నెలలో మొదటి ఆదివారం ఎల్లారెడ్డి ఊరి పక్కనున్న ఆ వాడ చర్చికి కామారెడ్డి బస్సులో అయ్యగారు వచ్చేవారు, ప్రభు సంస్కారం ఇవ్వడానికి. బల్ల మీదికి వెళ్లే రొట్టె పదహారేళ్లుగా మరియవ్వ చేతిదే. గోధుమపిండి ఒక్కో నెల ఒక్కో ఇంటి వంతు. శనివారం పొద్దున తలస్నానం చేసి, పాట పాడుకుంటూ పిండి పిసికి, కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి పెట్టేది. మొగుడు పోయాక నాట్లకూ కోతలకూ పోయి బతికే ఆ మనిషికి వాడలో ఉన్న మర్యాదంతా ఆ రొట్టె వల్లనే. అది పోతే ఆమెకు మిగిలేది కూలిపని ఒక్కటే.

ఎనభై నాలుగు వానాకాలంలో ఒక శనివారం పక్కింటి సత్యమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చూసింది. సెగలు కక్కే పెనం మీద రొట్టెను మరియవ్వ ఉత్తవేళ్లతో ఒత్తిపట్టి, తీరిగ్గా కబుర్లు చెబుతోంది.

"అక్కా, చెయ్యి కాలుతలేదా?"

మరియవ్వ వేళ్ల వంక చూసుకుంది. నిజమే, కాలడం లేదు.

"ప్రభువు రొట్టె గదా, ఆయన కాలనిస్తడా?" అని సత్యమ్మ తనే జవాబు కూడా చెప్పేసింది.

ఇంకేం, మన జనం సంగతి చెప్పాలా? మరునాటికల్లా అది సాక్ష్యమైపోయింది. సత్యమ్మ లేచి చెప్తుంటే చర్చి చర్చంతా "స్తోత్రం" అంది. అప్పటినుంచి జ్వరమొచ్చిన పసిపిల్లల్ని తెచ్చి మరియవ్వ ఒళ్లో పెట్టేవారు. సత్యమ్మ తన మనవడిని మూడుసార్లు తెచ్చింది. నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే మరియవ్వకు లోలోపల సంతోషంగానే ఉండేది. ఎందుకుండదు? అన్నేళ్లూ కూలి లెక్కకే తప్ప ఎవరికీ గుర్తురాని మనిషి.

కానీ ఆమె ఎవరికీ చెప్పనివి కొన్ని ఉన్నాయి. కోతలో కొడవలికి వేలు తెగింది. పక్కమనిషి చెప్పేదాకా నెత్తురు చూసుకోలేదు. వేలి మీద బొబ్బ, ఎప్పుడు లేచిందో తెలియదు. చిటికెన వేలు వంగిపోయి ఎంత లాగినా నిటారుగా రావడం లేదు. మోచేతి మీద రాగిరంగు మచ్చ, దాని మీద చెమట కూడా పట్టదు. అన్నిటినీ కొంగు కింద దాచి, "ప్రభువా, నువ్విచ్చిందే గదా ఇది?" అని అడిగేది. అడిగినకొద్దీ భయం పెరిగింది.

చలి తగ్గే రోజుల్లో లింబాద్రి సైకిల్ మీద వచ్చాడు. పెద్దరోగం, అదే కుష్ఠు, ఎవరికైనా ఉందేమోనని ఇల్లిల్లూ చూసే దవాఖాన మనిషి. సత్యమ్మ మనవడిని చంకనేసుకుని మరియవ్వ పక్కనే నిలబడింది.

"కండ్లు మూసుకో అవ్వా. ఈ దూదితోని ముడ్త. ముట్టిన కాడ వేలు పెట్టి చూపెట్టు."

మరియవ్వ కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. ఎంతసేపు ఆగినా ఏమీ లేదు.

"ఎప్పుడు మొదలువెడ్తవ్ బిడ్డా?"

లింబాద్రి దూది కింద పెట్టాడు.

"మూడుసార్లు ముట్టిన అవ్వా."

ఆమె కళ్లు తెరిచేసరికి సత్యమ్మ గడప దాటి, పిల్లాడి నెత్తిని కొంగుతో గట్టిగా తుడుస్తోంది.

"భయపడకు. గోలీలున్నయ్. మింగితే రోగం పోతది, ఇంకొకరికి అంటది అనేది ఉండదు," అన్నాడు లింబాద్రి. "చేతికి సోయి మాత్రం మళ్లొస్తదని నేను చెప్పలేను." ఆ మాట వినడానికి సత్యమ్మ అక్కడ లేదు.

ఆ నెల పిండి వంతు సత్యమ్మదే. శనివారం మరియవ్వ ఎప్పటిలాగే తలస్నానం చేసి, పొయ్యి రాజేసి, పెనం పెట్టి కూర్చుంది. పొద్దెక్కింది. పెనం ఎర్రబడింది. పిండి రాలేదు. ఇక రాదని ఆమెకు అర్థమైంది. ఇన్నాళ్లూ కాలనందుకు స్తోత్రం చెప్పిన పొయ్యి ముందే మోకరించింది.

"ప్రభువా, ఒక్కసారి కాలనియ్యి."

అరచెయ్యి పెనం మీద పెట్టింది. తోలు మాడిన వాసన వచ్చింది. నొప్పి రాలేదు.

గోడ అవతల పిండి చరిచే చప్పుడు. ఎన్నడూ సంస్కారపు రొట్టె చేయని సత్యమ్మ పొయ్యి దగ్గర తడబడుతోంది. అంతలోనే, "అబ్బా, కాలె, కాలె," అని అరుపు, గిన్నె కిందపడిన మోత.

మరియవ్వ చెయ్యి తీసి గోడకు ఆనుకుంది. ఆ అరుపు తనదైతే ఎంత బాగుండునని ఏడ్చింది.