కొల్లాపూర్ మనిషికి చెప్పిన విశాఖ

నేను నల్లగొండలో రైలెక్కేసరికి ఎదుటి సీటులో యాభై దాటిన మనిషి ఒకాయన ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. కొల్లాపూర్ దగ్గర కృష్ణలో చేపలు పడతానని చెప్పాడు. ఇప్పుడు విశాఖపట్నం పోతున్నాడట, ఎన్నడూ చూడలేదట. అక్కడ నాది ఆరేళ్ల ఉద్యోగం. ఇక నా నోరు ఆగలేదు. రేవులోకి వచ్చే పెద్ద పెద్ద ఓడలు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ, కైలాసగిరి మీంచి కనిపించే తీరం, చేపల రేవులో పొద్దున్నే జరిగే వేలంపాటలు, అన్నీ వర్ణించాను. ఆయన బుద్ధిగా విన్నాడు.

"సారూ, సముద్రంల పడ్డది ఒడ్డుకొస్తదా?" అని అడిగాడు.

అమాయకత్వం అనుకుని నవ్వాను. "వస్తది కాకా, చేపలు తినంగ మిగిలింది వస్తది" అన్నాను. పక్కవాళ్లు కూడా నవ్వారు.

ఆయన నవ్వలేదు. "మా కృష్ణల అయితే మూడో దినానికి తేలుతది. మా తమ్ముడు గాడ విశాఖల పడవ మీద పనికి పోయి సముద్రంల పడ్డడు. తొమ్మిది దినాలాయె" అన్నాడు.

పక్కవాళ్లు చూపులు తిప్పుకున్నారు. నేనేదో సర్దిచెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొక్కనివే నిజం చెప్పినవు సారూ. అందరు దొరుకుతడనే అంటుండ్రు."

సంచిలోంచి కొత్త ధోతి, అంగీ తీసి కాసేపు చూసుకున్నాడు. "తమ్మునికి తొడుగుదామని తెచ్చిన. ఇంక అక్కెరకు రావేమో" అంటూ మళ్లీ మడతపెట్టాడు.

విశాఖ గురించి ఎవరైనా అడిగితే నేనిప్పుడు బస్సు నంబర్లు మాత్రమే చెబుతాను.