అడ్డసరం సీసా

అవి మద్యనిషేధం రోజులు. ఒక మధ్యాహ్నం నల్లపాడు స్టేషన్లో బండి కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న ముసలి సాయిబు నన్ను టైమడిగాడు. మూడయిందన్నాను. వెంటనే సంచిలోంచి తువ్వాలు చుట్టిన సీసా తీసి, తలకిందులు చేసి గట్టిగా కుదపడం మొదలుపెట్టాడు. నాలాంటి బడిపంతులు పక్కన సారా సీసా కనబడితే ఇంకేమన్నా ఉందా! నేను దూరం జరిగాను.

అది గమనించి ఆయన బిరడా తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. పుల్లటి ఘాటు.

"సిర్కా అండి, వెనిగరంటారే, అది. సారాలో నానేస్తే సారం బాగా దిగుద్దంటారు గానీ, మేం ముట్టుకోం. ఇందులో అడ్డసరం ఆకేసి నలభై రోజులు, రోజూ ఇదే వేళకి కుదపాల. దగ్గుకి మందు."

"ఎవరికి దగ్గు?"

"మా ఇంటిదానికి. మిరపకాయలకి తొడిమలు తీసీ తీసీ పట్టుకుంది."

"నానేసి ఎన్నాళ్లయింది?"

"ఇయ్యాల్టికి ముప్పై ఒకటి."

"ఇంకెంత, తొమ్మిది రోజులు. తగ్గిపోతుందిలెండి" అన్నాను.

"మనిషి పన్నెండో నాడే పోయిందండి." ఆయన బిరడా బిగించాడు. "తన చేత్తో నానేసింది. మధ్యలో ఆపేస్తే పాడైపోద్ది."

నా బండి వచ్చింది. నమస్కారం పెట్టి ఎక్కేశాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులూ, బడిలో ఉన్నా ఇంట్లో ఉన్నా, మూడు కొట్టగానే, ఇప్పుడు కుదుపుతూ ఉంటాడు అనుకునేవాణ్ణి. పదో రోజున కూడా మూడు కొట్టింది. పాఠం చెబుతూ ఆగిపోయాను. ఆ వేళకి ఆయన చేతులకి ఇక పని లేదు.