కోరస్‌లో ఖాళీ చోటు

మట్టితో మనిషిని చేసి, ఆ మనిషి ముక్కులో తన ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. పాడేవాళ్లకు పాట ఇచ్చినందుకు స్తోత్రం. పాడలేనివాళ్లకు చెవి ఇచ్చినందుకు స్తోత్రం. అసూయతో నోరు మూసుకున్న ఒక పిల్లను తన మందిరం గడప అవతలికి నెట్టివేయనందుకు ఆయనకు మరీ మరీ స్తోత్రం. ఆ పిల్ల నేనే.

నా చిన్నప్పుడు పుప్పాలగూడ ఒక మామూలు ఊరు. ఇప్పుడు మణికొండలో మా ఫ్లాటు బాల్కనీలో నిలబడి అటువైపు చూస్తే అద్దాల మేడలే కనిపిస్తాయి. అప్పుడు అక్కడ బండరాళ్లు, జొన్నచేలు, రేగు పొదలు ఉండేవి. ఊరి చివర రేకుల కప్పు వేసిన చిన్న చర్చి మాది. పాస్టరుగారు నెలకు రెండుసార్లు పట్నం నుంచి వచ్చేవారు. మిగతా ఆదివారాలు సంఘాన్ని కనిపెట్టుకుని ఉన్నది మా తాతయ్యే.

మా తాతయ్య ఒకప్పుడు ప్రసంగాలు చేసేవాడట. బైబిలు పాఠశాలలో చదువుకున్నాడు. కొత్త నిబంధనను మొదట రాసిన గ్రీకు భాష కూడా కొంత నేర్చుకున్నాడు. దవాఖానలో గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు గుసగుస తప్ప మాట రాలేదు. ప్రసంగం పోయిందని కుంగిపోకుండా హార్మోనియం ముందు కూర్చుని, మా పిల్లల గుంపుకు పాట నేర్పడం మొదలుపెట్టాడు. తను పాడలేడు కాబట్టి మేము పాడేది ఎంత శ్రద్ధగా వినేవాడో చెప్పలేను. పన్నెండు మందిలో ఎవరి స్వరం జారినా కళ్లు తెరవకుండానే ఆ పిల్ల వైపు తల తిప్పేవాడు.

క్రిస్మస్ పాటలో చరణాలు ఒక్కరే పాడతారు, పల్లవి అందరూ అందుకుంటారు. ఆ అందరూ పాడే భాగాన్ని మేము కోరస్ అనేవాళ్లం. మూడేళ్లు వరుసగా ఆ చరణాలు పాడింది నేను. తాతయ్య మనవరాలిని కాబట్టి ఇచ్చారని ఎవరైనా అంటారేమోనని మరింత బాగా పాడేదాన్ని. ఆ చోటు నాదేనని మనసులో గట్టిగా రాసిపెట్టుకున్నాను.

నాలుగో ఏడు గుంటూరు వైపు నుంచి ఒక కుటుంబం బదిలీ మీద వచ్చి మా వాడకట్టులో కిరాయికి దిగింది. వాళ్లకు నా ఈడు అమ్మాయి ఒకతె. పెద్దవాళ్లు ఏం అడిగినా "అలాగేనండి", "వస్తానండి" అనేది. ఆ అండీలు విని మా అమ్మ, "ఎంత మర్యాదగ మాట్లాడతదో చూడు, నువ్వు ఉన్నవ్ ఎందుకు" అనేది. అక్కడే మొదటి నిప్పురవ్వ పడింది. రెండో ఆదివారం ఆ అమ్మాయి పాడుతుంటే తాతయ్య హార్మోనియం మీద చేతులు అలాగే ఆపేశాడు. పాట అయ్యాక ఆ ఏటి క్రిస్మస్ చరణాలు ఆమెకు ఇచ్చాడు.

సౌలు రాజు, జనం తనకన్నా ఎక్కువ పొగిడిన దావీదును విషపు చూపు చూశాడని నేను సండే స్కూల్లో అప్పజెప్పి బహుమానం కూడా తెచ్చుకున్నాను. అప్పజెప్పిన నోటితోనే ప్రతి సాయంత్రం ఇలా ప్రార్థించేదాన్ని: "ప్రభువా, ఆమెకు జలుబు చెయ్యి. జ్వరం వద్దు, జలుబు చాలు." ఆమె జడలు చూస్తే కోపం వచ్చేది. ఆమె నవ్వితే కోపం. ఆమె పాడితే మాత్రం కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చేది, ఎందుకంటే బాగా పాడుతుందని నాకు తెలుసు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. చరణం చివరి మాట చాలాసేపు సాగుతుంది. అది తెగకుండానే కోరస్ మొదలవ్వాలి. పాడే అమ్మాయికి ఊపిరి అయిపోయే సమయానికి పక్కన నిలబడిన అమ్మాయి అదే స్వరాన్ని అందుకుని పట్టుకోవాలి. ఆ సందులో మొదటి అమ్మాయి గాలి పీల్చుకుని మళ్లీ కలుస్తుంది. వినేవాళ్లకు పాట ఎక్కడా తెగినట్టు తెలియదు. "పక్కదాని ఊపిరి నీ జిమ్మ" అని, అంటే నీ పూచీ అని, తాతయ్య మాకు రోజూ చెప్పేవాడు. ఆమె పక్కన నిలబడి అందుకునే పని ఆ ఏడు నాకు పడింది. నా చోటు ఆమెకు ఇచ్చి, ఆమె ఊపిరి నాకు అప్పగించాడు.

క్రిస్మస్ ఉదయం ఆరాధనలో ఆమె మొదటి చరణం పాడింది. చివరి మాట సాగదీసింది. ఊపిరి అయిపోతోందని నాకు వినిపించింది. నేను పెదవులు మూసుకున్నాను.

పాట తెగిపోయింది. రేకుల కింద ఒక్క క్షణం ఏమీ లేదు. ఆమె కంగారుపడి గాలి పీల్చుకోకుండానే మళ్లీ ఎత్తుకోబోయింది, గొంతు చీలింది, దగ్గు వచ్చింది. అందరి ముందు చేతులతో ముఖం కప్పుకుని కూర్చుండిపోయింది. వెనక వరసలో ఒక పెద్దమ్మ, "కొత్త నీళ్లు గదా, గొంతు పట్టినట్టున్నది, పాపం" అంది. నేను ప్రార్థన చేస్తున్నట్టు తల వంచుకున్నాను. మధ్యాహ్నం సహపంక్తి భోజనంలో రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.

ఇక పాడనని ఆమె వాళ్ల అమ్మతో కబురు పంపింది. తాతయ్య నన్ను పిలిచి, కొత్త సంవత్సరం ఆరాధనకు చరణాలు నన్నే పాడమన్నాడు. మందలింపు లేదు, ప్రశ్న లేదు. దేవుడు జలుబు ప్రార్థన మరోరకంగా విన్నాడనుకున్నాను.

మర్నాడు సాధన చర్చి వెనక బండ మీద పెట్టాడు. ఎప్పుడూ వరసగా నిలబెట్టేవాడు, ఆ రోజు మమ్మల్ని గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకోమన్నాడు. స్వరం అందుకునే పిల్ల నిలబడే నా ఎడమ పక్క మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచాడు. ఆ అవతలి పిల్ల జరగబోతే చేత్తో ఆపాడు. నా ఎడమ చెయ్యి ఊరికే గాలిలో వేలాడింది.

నేను చరణం పాడాను. చివరి మాట సాగదీశాను. ఊపిరి అయిపోయింది, అందుకునేవాళ్లు లేరు, తెగిపోయింది. తాతయ్య మళ్లీ అన్నట్టు వేలు ఎత్తాడు. రెండోసారీ అక్కడే తెగింది. మూడోసారి నాకు రోషం వచ్చింది.

"ఇక్కడ ఎవ్వరు లేకుంటే నేనెట్ల పాడాలె తాతా?"

ఆయన నా దగ్గరకు వచ్చి వంగాడు. "ఆ పిల్ల గూడ గిట్లనే అనుకున్నదేమో బిడ్డా" అన్నాడు. ఆ గుసగుస నాకొక్కదానికే వినిపించింది.

మిగతా పిల్లల్ని రేగుపళ్లు ఏరుకోమని పంపేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కోరస్ అంటే ఏందని అడిగాడు. అందరూ కలిసి పాడేదని చెప్పాను. అది తర్వాత తర్వాత వచ్చిన అర్థమన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో పుట్టలేదట. గ్రీకు దేశంలో పండుగ రోజు జనం గుండ్రంగా నిలబడి ఆడుతూ పాడేవాళ్లట, ఆ ఆటకూ ఆ గుంపుకూ కూడా అదే పేరు. అక్కడి నుంచి లాటినుకు, లాటిను నుంచి ఇంగ్లీషుకు వెళ్లి, చివరికి అందరూ అందుకునే పల్లవికి ఆ పేరు మిగిలింది. చర్చిలో పాడేవాళ్లను క్వయర్ అంటారే, అదీ ఆ వేరు నుంచి వచ్చిన మాటేనట. గుండ్రంగా నిలబడితే ముందు వరస ఉండదు, వెనక వరస ఉండదు, ఒకరు చెయ్యి వదిలితే మాత్రం అందరికీ తెలుస్తుందని చెప్పాడు.

తర్వాత ప్రభువు చెప్పిన ఇద్దరు కొడుకుల ఉపమానం ఎత్తాడు. ఇల్లు విడిచిన చిన్నవాడు తిరిగి వచ్చాడు, ఇంట్లో విందు జరుగుతోంది. పొలం నుంచి వస్తున్న పెద్దవాడికి దూరం నుంచి వాద్యాలు, నాట్యం వినిపించాయి. మన తెలుగులో నాట్యమని ఉన్నచోట గ్రీకులో ఉన్నది ఈ మాటేనట. పెద్దవాడు విన్నది కోరస్. విని, తమ్ముడికి ఎందుకింత అని ముఖం మాడ్చుకుని వాకిట్లోనే ఆగిపోయాడు.

"తండ్రి బయటికొచ్చి బతిమాలిండు. మరి ఆడు లోపలికి పోయిండా?" అని అడిగాడు.

నాకు వాక్యమంతా నోటికి వచ్చు. ఎంత వెతికినా ఆ ముక్క దొరకలేదు. "ప్రభువు చెప్పలె" అన్నాను.

"చెప్పలె. నీకోసమని ఇడిసిపెట్టిండు."

నేను నేరుగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ రోజు కావాలనే నోరు మూసుకున్నానని చెప్పాను. చెప్పేసరికి నా గొంతు కూడా గుసగుసే అయింది.

"తెలుసు" అంది తల ఎత్తకుండా. "పక్కనే కదా నిలబడ్డాను."

"మరి ఎవ్వరికి ఎందుకు చెప్పలె?"

"చెబితే నిన్ను తీసేస్తారు. అప్పుడు అక్కడ అందుకునేదెవరు? నేనెత్తుకునే స్వరం మిగతావాళ్లకు అందదు." ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "అయినా నువ్వు కొంచెం ముక్కుతో పాడతావు, ఎవరూ చెప్పలేదా?"

క్షమాపణ అడగడానికి వెళ్లిన నాకు అక్కడికక్కడే మళ్లీ ఒళ్లు మండింది. అయినా చేట నా వైపు లాక్కుని, చీకటి పడేదాకా కూర్చుని ఆమెతో పాటు కాయలు ఒలిచాను.

కొత్త సంవత్సరం ఉదయం చరణాలు ఆమే పాడింది. చివరి మాట సాగింది. ఆమె ఊపిరి సన్నబడగానే నేను అందుకున్నాను. నా పక్కన ఆమె గాలి పీల్చుకున్న చిన్న చప్పుడు నాకు వినిపించింది. సంఘంలో ఇంకెవరికీ వినిపించలేదు. తాతయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు, ఈసారి తల తిప్పలేదు.

ఆ రోజుతో అసూయ చచ్చిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పుడు మా ఆరాధన మణికొండలో ఒక అద్దె హాలులో జరుగుతుంది. కీబోర్డు, తెర, మైకులు ఉన్నాయి. కంపెనీల్లో పనిచేసే పిల్లలు పాట నడిపిస్తారు. పోయిన నెల నా మైకు తీసి, సంఘంలో ఒకరింటికి కొత్తగా వచ్చిన కోడలు పిల్లకు ఇచ్చారు. అరవై దాటిన ఈ గుండెలో అదే పాత నిప్పురవ్వ రాలింది. "కోరస్ అందరం కలిసి" అని ఆమె చెయ్యి ఎత్తింది. నేను మూడో వరసలో, మైకు లేకుండా, ఆమె ఊపిరి ఎక్కడ అయిపోతుందో వింటూ నిలబడ్డాను. అయిపోయేలోపే అందుకున్నాను. ఆమెకు తెలియదు. తెలియనవసరం లేదు.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో తల వంచండి. మీకు రావలసిన చోటు ఎవరికి వెళ్లిందో, వారి ముఖం మనసులో తెచ్చుకుని నాతో పాటు అడగండి. ప్రభువా, వాకిట్లో ఆగిపోయిన మమ్మల్ని లోపలికి పిలువు. మా పక్కన నిలబడినవారి ఊపిరి ఎక్కడ ఆగుతుందో వినే చెవి మాకివ్వు. సరిగ్గా అక్కడ మా నోరు తెరువు. ఆమేన్.