మేడమ్ నేర్పిన భయం

నిన్న టెస్టు షెడ్డులో ఒక కొత్త మానిఫోల్డుకు వేడి బయటికి కొట్టకుండా చుట్టిన గాజునార గుడ్డ మొదటిసారి వేడెక్కింది. కొత్త గుడ్డ వేడికి ముందు జుట్టు కాలినట్టు, ఆ తర్వాత తడిబొగ్గు అంటుకున్నట్టు ఒక వాసన వస్తుంది. పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకుని ఏదో అనుకుని నవ్వుకున్నారు. నేను షెడ్డు తలుపులు బార్లా తెరిచి బయటికొచ్చి గోడకు ఆనుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, గోదావరి మీద ఒక వానరోజు, లాంచీకి నాలుగువైపులా దించి కట్టిన నీలం టార్పాలిన్ పట్టాలు, వాటి మధ్య నావైపే చూస్తూ కూర్చున్న వసుంధర మేడమ్ కళ్లముందుకొస్తారు.

మేడమ్‌ది సత్తుపల్లి వైపు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యవసాయ కుటుంబం. ఇంజినీరింగు చదివి, ఎక్కడో దూరాన ఇంజిన్లు తయారుచేసే కంపెనీలో చాలాకాలం పనిచేసి, తిరిగొచ్చి ఖమ్మంలో ఒక షెడ్డు పెట్టుకున్నారు. అక్కడ మేం చేసేది ఎగ్జాస్ట్ మానిఫోల్డులు. ఇంజిన్లో ఒక్కో సిలిండరు నుంచి మండి తోసుకొచ్చే పొగను వేళ్లలాంటి గొట్టాలతో పట్టి, అరచేయిలాంటి ఒకచోట కలిపి, బయటి గొట్టానికి అప్పగించే ఇనుప భాగం అది. ఇంజిన్‌తోపాటు కంపెనీ ఇచ్చేది లారీకి సరిపోతుంది. అదే ఇంజిన్‌ను తీసుకెళ్లి లాంచీలోనో రైస్ మిల్లులోనో కూర్చోబెడితే పొగ పోవాల్సిన దారి మారుతుంది. ఆ కొత్త దారి గీయడం మా పని.

నేను తిరుమలాయపాలెం దగ్గరి పల్లె నుంచి చేతిలో డిగ్రీతో, తలనిండా పొగరుతో వెళ్లాను. మేడమ్ నా మార్కులు చూడలేదు. నీకు దేనికి భయం అని అడిగారు. దేనికీ లేదు మేడమ్ అన్నాను, అలా అంటేనే ఉద్యోగమిస్తారనుకుని. ఆమె కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ, అయితే కొన్నాళ్లు డ్రాయింగు జోలికి రావద్దనీ, ఇంజిన్ పక్కన నిలబడి చూడమనీ, వచ్చాక తనకు చెప్పమనీ అన్నారు. ఏది రావాలో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంజిన్‌ను పూర్తి లోడు మీద నడిపి షెడ్డులో లైట్లు ఆర్పితే మానిఫోల్డు పండుమిరపకాయలా ఎర్రగా కనిపించేది. ఇనుము వేడికి పొడుగవుతుంది. పొడుగవడానికి చోటివ్వకపోతే తనకు తానే చోటు చేసుకుంటుంది. ఒకరోజు అలాగే ఒక మానిఫోల్డు చివరి బోల్టును తెంపేసింది. తెగిన తల నా చెవి పక్కనుంచి దూసుకుపోయి పైకప్పు రేకుకు తగిలింది. నేను ఉన్నచోటే కూలబడ్డాను. మేడమ్ ఇంజిన్ ఆపించి, మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, "వచ్చిందా?" అని అడిగారు. షెడ్డంతా నవ్వింది. మర్నాడు డ్రాయింగు బల్ల దగ్గర నాకు కుర్చీ వేయించారు.

ఆమె పద్ధతులు కొన్ని మాకు చాదస్తంగా తోచేవి. మానిఫోల్డును ఇంజిన్‌కు బిగించేటప్పుడు మధ్య రంధ్రాలే బోల్టుకు సరిగ్గా ఉండాలి. చివరలకు పోయేకొద్దీ రంధ్రాలు పెద్దవి కావాలి, ఇనుము సాగినప్పుడు జరగడానికి. గుడ్డ చుట్టకముందు ఒట్టి ఇనుమును ఎర్రగా కాగనిచ్చి, చల్లార్చి, పగులు కోసం భూతద్దంతో వెతికి, మళ్లీ కాచి మళ్లీ వెతకాలి. గుడ్డ చుట్టాక పగులు కంటికి కనిపించదు కదా. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరు గీశారో వాళ్లు ఆ బండి మొదటి ప్రయాణంలో కూర్చోవాలి. వెల్డర్ యాకూబ్ ఆమె వినేలాగే అనేవాడు: "మేడమ్ ఇంట్ల కుక్కర్ విజిల్ ఏస్తే పక్కింట్ల పోయి దాక్కుంటదంట." ఆమె డ్రాయింగు నుంచి తలెత్తకుండానే, "పక్కింటి కుక్కర్ ఇంకా పాతది యాకూబ్, ఎక్కడికి పోను" అనేవారు.

ఆ లాంచీ పని నాకే వచ్చింది. పర్ణశాలకు ఎగువన, వాగులు పొంగితే రోడ్డు తెగిపోయే అడవి పల్లెలు కొన్ని ఉన్నాయి. వానాకాలంలో వాటికి గోదావరే దారి. ఒక యజమాని పాత లారీ ఇంజిన్ను లాంచీలో బిగించుకున్నాడు. మేడమ్ చెప్పినట్టే చివరి రంధ్రాలు పెద్దవిగా గీసి చేయించి తీసుకెళ్లాను. ఆయన బోల్టు పెట్టి కదిపి చూసి, "ఏంది సార్ గిది? బొక్క గింత వదులుంటే పొగ కారదా? గీ మాత్రం మా ఊరి మేస్త్రీ చెయ్యడా?" అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఎందుకు వదులో వివరించడానికి నిమిషం చాలు. ఆ నిమిషం నాకు అవమానంగా తోచింది. వెనక్కి తెచ్చి, అన్ని రంధ్రాలూ బోల్టుకు అతికినట్టు, గొట్టాల మధ్య ఒక ఇనుపపట్టీతో బిగువుగా కొత్తది చేయించాను. చూడటానికి ముచ్చటగా ఉంది. అప్పుడు మేడమ్ కంటి ఆపరేషనుకని విజయవాడలో ఉన్నారు. వానలు ముంచుకొస్తున్నాయని యజమాని రోజూ ఫోన్ చేస్తుంటే, ఒక్కసారే కాచి, చూడాల్సినంత చూడకుండానే గుడ్డ చుట్టేశాను. మేడమ్ తిరిగొచ్చి, రెండుసార్లూ కాచావా, రంధ్రాలు నేను చెప్పినట్టేనా అని అడిగారు. "అన్నీ అయినయి మేడమ్" అన్నాను.

మొదటి ప్రయాణానికి ఆమె కూడా వచ్చారు. డ్రైవర్ సోమయ్య, ఆమె, నేను, అంతే. ఎగువకు వెళ్లి తిరిగి రావాలి, మనుషుల్ని ఎక్కించుకోకూడదు. వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పగులు ఎక్కడో అప్పుడప్పుడే నోరు తెరుస్తూ ఉండాలి. ఎగువ రేవులో లాంచీ తిప్పుతుంటే గట్టు మీదినుంచి చేతులూపారు. మంచం మీద ఒక నిండు గర్భిణిని మోసుకొచ్చారు. పక్కన ఆమె అత్త ముత్తమ్మ. నొప్పులు మొదలయ్యాయి, రోడ్డు తెగింది, పర్ణశాల దాకా చేరిస్తే అక్కణ్ణుంచి బండిలో భద్రాచలం దవాఖానాకు పోతామన్నారు. మేడమ్ నా వైపు తిరిగారు.

"ఎక్కించుకోవచ్చా శ్రీనివాస్?"

అప్పుడు నిజం చెప్పినా వాళ్లను గట్టు మీద వదిలేసేవాళ్లం కాదు. పట్టాలు ఎత్తి కట్టి, ఇంజిన్ గది మూత తెరిచి, భయంతో తీసుకొచ్చేవాళ్లం. నేను ఎక్కించుకోవచ్చన్నాను. వాన జోరందుకుంది. గర్భిణి తడవకుండా నాలుగువైపులా పట్టాలు దించి కట్టేశాం.

వరద లాగుతోంది. ఇంజిన్ ఆగితే లాంచీ దుమ్ముగూడెం ఆనకట్ట వైపు కొట్టుకుపోతుందని సోమయ్య ముందే చెప్పాడు. అడ్డంగా వచ్చే నీటిని నెట్టడానికి అతను ఇంజిన్ను గట్టిగా తొక్కుతున్నాడు. కాసేపటికి నా కణతల దగ్గర నొప్పి మొదలైంది. డీజిల్ వాసన లాంచీలో ఎప్పుడూ ఉండేదే. దానితోపాటు పొగలో కలిసి వచ్చే విషవాయువుకు వాసనా లేదు, రంగూ లేదు. అదేమిటో నాకు తెలుసు. పట్టాల లోపల అది నిండుతోందనీ తెలుసు. తెలిసి, లెమ్మని కాళ్లకు చెబుతూ, లేవకుండా కూర్చున్నాను. నోరు తెరిస్తే రంధ్రాల సంగతి చెప్పాలి, రెండోసారి కాచని సంగతి చెప్పాలి. రేవు వచ్చేస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మేడమ్ నుదురు రుద్దుకుంటూ నా వైపు వంగారు. "నీకు తల నొప్పిగా ఉందా?"

"లేదు మేడమ్."

ఆమె నన్ను కొంతసేపు చూసి, వెనక్కి ఆనుకున్నారు. ముత్తమ్మ కోడలి కాళ్ల దగ్గర కునికిపాట్లు పడుతోంది. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఉన్నట్టుండి గర్భిణి మూలుగు ఆగిపోయింది. వాన చప్పుడు, ఇంజిన్ చప్పుడు, మధ్యలో ఆ నిశ్శబ్దం. ఆమె పెదవులు తెరుచుకుని ఉన్నాయి, కళ్లు మూతపడ్డాయి. మేడమ్ ఒక్క ఉదుటున లేచి పట్టా తాళ్లు పీకేస్తూ, ఇంజిన్ ఆపొద్దు, తగ్గించమని సోమయ్యకు కేకవేశారు. మిగతా పట్టాలు లాగెయ్యమని నాకు చెప్పి, ఆమె ఇంజిన్ గదిలోకి దిగారు. గీసింది నేను, దిగాల్సింది నేను. నేను పట్టాలు పట్టుకునే నిలబడ్డాను. పొగ బయటికి పోయేలా ఆమె లోపలినుంచి గది మూతను పైకెత్తారు. గాలికి అది పడిపోతుంటే, రేవు దాకా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆ పొగలోనే ఉండిపోయారు.

వాన గర్భిణి ముఖం మీద పడింది. చాలాసేపటి తర్వాత, నాకు అది చాలాసేపే, ఆమె మళ్లీ మూలిగింది.

పర్ణశాలలో బండి సిద్ధంగా ఉంది. సాయంత్రానికి భద్రాచలం నుంచి కబురొచ్చింది, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని. అప్పటికి మేడమ్ గట్టు మీద వాంతులు చేసుకుని, మసిబట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె ఎదుట నేలమీద కూర్చుని, నాకు తలనొప్పి ముందునుంచే ఉందని, రంధ్రాల సంగతి, రెండోసారి కాచని సంగతి అన్నీ చెప్పాను. ఆమె తిట్టలేదు. గోదావరి వైపు చూస్తూ, "నీకు లేదన్నావని, నా తలనొప్పి వయసువల్లే అనుకున్నాను" అన్నారు.

ఇంతకు మించిన శిక్ష ఇంకెవరూ నాకు వేయలేదు. గుడ్డ విప్పి చూస్తే చివరి గొట్టం మెడ దగ్గర వేలు దూరేంత పగులుంది.

కొత్త మానిఫోల్డు బిగించాక, అదే లాంచీలో ముత్తమ్మ ఊరికి వెళ్లి జరిగింది చెప్పి రమ్మని మేడమ్ నన్ను పంపారు. పిల్లను ఒళ్లో వేసుకుని ముత్తమ్మ అంతా విన్నది. కొట్టినా బాగుండేది. "గిప్పుడు మంచిగ చేసినవా అయ్యా?" అని అడిగింది. చేశానన్నాను. "నువ్వు గూడ అండ్లనే వచ్చినవా?" అవ్ అన్నాను. "అయితె సరె. మాకు ఇంకో లాంచి లేదు గద" అన్నది, పిల్ల మూతి తుడుస్తూ.

మేడమ్ నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమెకు మరుపు మొదలైంది. ముందు కొలతలు, తర్వాత పేర్లు. ఆనాటి పొగకూ దీనికీ సంబంధం లేదని డాక్టర్లన్నారు. నమ్మాలనే ఉంటుంది. షెడ్డు మూసి, ఆమె సత్తుపల్లిలో చెల్లెలి ఇంట్లో ఉండేవారు. వెళ్తే నన్ను గుర్తుపట్టేవారు కాదు. మీ దగ్గర పనిచేసినవాణ్ణి, ఒకసారి మీకు అబద్ధం చెప్పినవాణ్ణి అంటే, ఏం అబద్ధం అని ఆసక్తిగా అడిగేవారు. రంధ్రాల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేవాణ్ణి. ఆమెకు అది ప్రతిసారీ కొత్త కథే. మూలుగు ఆగిపోయిందని నేను చెప్పేసరికి ఆమె వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకునేవి.

"ఆ అమ్మాయి బతికిందా?"

బతికింది మేడమ్, బిడ్డ కూడా, అనేవాణ్ణి. ఆమె ఊపిరి వదిలి వేళ్లు సడలించేవారు. ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు. పోయిన ఎండాకాలం ఆమె పోయారు. ఇప్పుడు నేను ఇంకొకరి షెడ్డులో మానిఫోల్డులు గీస్తున్నాను. ప్రతి కొత్త డ్రాయింగు కింద సంతకం పెట్టే ముందు ఆ అమ్మాయి బతికిందా అన్న మేడమ్ ప్రశ్న నాకు నేనే వేసుకుంటాను. జవాబు తెలుసు. అయినా చెప్పుకునే ముందు ఒక్క క్షణం, ఆమె వేళ్లు బిగుసుకున్నంతసేపు, తెలియనట్టే ఉంటుంది.