తిత్తి దగ్గర నాయిన

తెల్లాపూర్‌లో మేముంటున్న అపార్టుమెంటులో పై అంతస్తు పాప రోజూ సాయంత్రం కీబోర్డు సాధన చేస్తుంది. పాఠం సగంలో ఒకేచోట ఆగిపోయి, మళ్లీ మొదటికొస్తుంది. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది, పాప మీద కాదు, నా మీద నాకే.

ఎనభైల చివర, పటాన్‌చెరు నుంచి బస్సులో నిలబడి నగరంలోని విశ్వవిద్యాలయానికి సంగీతం చదవడానికి వెళ్లేదాన్ని. కీబోర్డు వాద్యాల కోర్సు అంటే పేరు గొప్ప, ఊరు దిబ్బ. అందరికీ కలిపి ఒక్కటే పియానో, మనిషికి పావుగంట. ఇంట్లో ఉన్నది నాయిన భజనల్లో వాయించే హార్మోనియం. కుడిచేత్తో మెట్లు, ఎడమచేత్తో గాలి కొట్టే తిత్తి, చిన్నప్పటి నుంచి నాకు అబ్బిన విద్య అదే కాబట్టి పియానో ముందు కూర్చున్నా ఎడమచెయ్యి మెట్లు వదిలేసి లేని తిత్తి కోసం వెతుక్కునేది. తోటివాళ్లు నవ్వేవారు, మేడం విసుక్కునేవారు. పొద్దున అక్కడ నేర్చుకున్నదంతా సాయంత్రం ఇంట్లో హార్మోనియం చెడగొట్టేది. పాసైతే సంగీతం టీచరు ఉద్యోగం ఇస్తామని మా ఊరి బడివాళ్లు అన్నారు. నా ఆశంతా దానిమీదే.

ఉపాయం నాయినే ఆలోచించాడు. కెమికల్ ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు దిగి వచ్చి, చొక్కాకు ఆ ఘాటు వాసన పోకముందే, హార్మోనియానికి అవతల నాకెదురుగా కూర్చుని తిత్తి తాను ఆడించేవాడు, నా రెండు చేతులూ మెట్ల మీదే ఉండేటట్టు. కానీ తెల్లవారకముందే లేచిన మనిషి కదా, కాసేపటికే కునుకు పట్టేది, గాలి తగ్గి స్వరం నీరసించేది. లేపబుద్ధి కాక నేను నెమ్మదించి, ఆయన కళ్లు తెరిచేదాకా ఆగి, మళ్లీ అందుకునేదాన్ని. అలా ఆగడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియలేదు.

పరీక్షనాడు పియానో మీద రెండు చేతులూ చక్కగానే నడిచాయి, కానీ కాసేపటికోసారి నెమ్మదించి ఆగిపోయాను. ఎందుకాగుతున్నావని పరీక్షకుడు రెండుసార్లు అడిగారు. లయ లేదని ఫెయిల్ చేశారు.

తిరుగు బస్సులో ఎందుకాగానో బోధపడి కోపం నషాళానికి అంటింది. ఇల్లు చేరేసరికి నాయిన హార్మోనియం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ కునుకే నన్ను ఫెయిల్ జేసింది నాయినా. ఇగ నువ్వు కూసోకు."

ఆయన తిత్తికి కొక్కెం పెట్టేశాడు.

"గట్లనా బిడ్డా. జెర ముందుగాల జెప్తే నిలవడి తిత్తి కొడుతుంటి గద."

తర్వాత మొదటి బస్సుకే వెళ్లి, ఎవరూ రాకముందే పియానో దగ్గర సాధన చేసి, రెండోసారి పాసయ్యాను. ఉద్యోగమూ వచ్చింది. నాయిన మళ్లీ నాకెదురుగా కూర్చోలేదు. అడగడానికి నోరు రాలేదని ఇప్పుడంటాను గానీ, నిజానికి ఆ రోజుల్లో నాకు పొగరు.

ఇప్పటి వాద్యాలకు ప్లగ్గు పెడితే చాలు, గాలి కోసం ఎవరి సాయమూ అక్కరలేదు. మంచిదే. మన కాలంలో ఒకరి పాట సాగాలంటే ఇంకొకరు ఎదురుగా కూర్చోవలసి వచ్చేది. అలా కూర్చున్నవాళ్లను కసిరి లేపేసినవాళ్లు, నాలాగా, మీలోనూ ఉండే ఉంటారు.