అత్తమ్మ వంతు పెరుగు

పోయిన గురువారం పొద్దున కాఫీకి పిలిస్తే మా అత్తమ్మ పలకలేదు. బాగేపల్లిలో మా ఇంట్లోనే, నిద్రలోనే వెళ్లిపోయింది. ఎనభై దాటిన మనిషి. ముందురోజు కూడా తన బట్టలు తానే మడతపెట్టుకుంది. కొన్నేళ్ల కిందట ఆమె మళ్లీ సరిగా నడుస్తుందని మేమెవరమూ అనుకోలేదు.

మాది కిరాణా కొట్టు నడిపే శాకాహారుల ఇల్లు. పాలకూ పెరుగుకూ కొదవ లేదు. అయితే అందరికీ వడ్డించాక, పెరుగుగిన్నె కడిగిన నీళ్లలో ఉప్పు కలుపుకొని అదే మజ్జిగ అనుకొని తాగేది అత్తమ్మ.

ఆ ఏడాది ఆమె ముఖం పాలిపోయింది. నాలుక ఎర్రగా, నున్నగా అయి, కారం తగిలితే మండేది. కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకొని నడిచేది. మనవరాలి పేరు మరిచిపోయింది. ఐరన్ మాత్రలు మింగినా గుణం లేదు. బంధువులు వయసు మీద తోసేశారు. ఆమె ఒప్పుకోలేదు. "నాకు మతి పోతాండాదమ్మా. ఇది వయసు కాదు. యాడన్నా చూపీ నన్ను" అంది నాతో.

చింతామణి ఆస్పత్రికి తీసుకుపోతే, డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, ఏం తింటావని అత్తమ్మనే అడిగింది. శాకాహారులకు బి12 విటమిన్ ముఖ్యంగా పాలు, పెరుగుల నుంచే అందుతుందని, అది చాలకపోతే ఎర్రకణాలు సరిగా తయారుకావని, ఉబ్బి పెద్దవై సంఖ్యలో తగ్గిపోతాయని, నరాలూ దెబ్బతింటాయని విడమరిచి చెప్పింది. "దీనికి ఐరన్ ఒకటే చాలదమ్మా. ఇంకా లేటు చేసింటే కాళ్లు ఇట్లే ఉండిపోయేవి" అంది.

సూదులు మొదలయ్యాక ముందు నాలుక మంట తగ్గింది. తరువాత ముఖానికి నెత్తురు పట్టింది. నెలలు గడిచాక గోడ వదిలింది. కాలివేళ్లలో తిమ్మిరి మాత్రం చివరిదాకా కొంచెం ఉండిపోయింది.

అప్పటినుంచి పెరుగుగిన్నె ముందు తన కంచం దగ్గరికి లాక్కునేది. మామయ్య వింతగా చూస్తే, "పెట్టే చెయ్యి పడిపోతే మీకు పెట్టేదెవురు?" అంది.

వీధిలో ఏ ఆడమనిషి నీరసమన్నా నాలుక చూపమనేది. తను మందులు చెప్పేది కాదు. ఆస్పత్రికి పొమ్మనేది, పోకపోతే వెంటబెట్టుకొని పోయేది. ఎదురింటి కోడలు కడుపుతో ఉండి ఆయాసపడుతుంటే అలాగే తీసుకెళ్లింది. ఆ అమ్మాయికి ఫోలిక్ యాసిడ్ తక్కువని తేలింది. మందులతో కోలుకుని ఆడపిల్లను కన్నది. "బిడ్డకి పెట్టల్లంటే ముందర నీకుండల్ల" అన్న అత్తమ్మ మాట ఆమె ఇప్పటికీ చెబుతుంది.

మీ ఇంట్లోనూ అందరి తరువాత తినే మనిషి ఒకరుంటారు. ఆమె కంచంలో ఏముందో ఒకసారి చూడండి.

నాకు మాత్రం అత్తమ్మ, మొదటిసారి ఆస్పత్రికి బయల్దేరిన ఆ రోజు బస్టాండులో ఉన్నట్టే కనిపిస్తోంది. కొంగు నడుముకు దోపి, నాకంటే ముందే కమ్మీ పట్టుకొని చింతామణి బస్సు మెట్టెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. పక్కసీటు మీద అరచేయి ఆనించి, నేను వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు.