జహ్రా చెల్లెలి ఉపవాసం

శుక్రవారం ఆరాధనకి కువైట్‌లో మా సాల్మియా ఫ్లాట్ హాల్లో చాపలు పరవగానే నా ఫోను తీసి పీట మీద పెట్టేదాన్ని. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే మా సంఘపు చెల్లెలు మిస్డ్ కాల్ ఇచ్చేది, నేను తిరిగి చేసేదాన్ని. ఆమెకి సెలవంటూ లేదు. ఆమె దగ్గర ఫోను ఉన్నట్టు ఆ ఇంటి యజమానురాలు మామాకి తెలియదు. ఇస్త్రీ గదిలో దుప్పటి మడత కింద దాన్ని దాచుకుని, బట్టలు రుద్దుతూ మా పాటలూ వాక్యమూ వినేది. నోరు మాత్రం విప్పేది కాదు. మాకు వినబడేదల్లా ఇస్త్రీపెట్టె బుస్సుమనే చప్పుడే.

మా సంఘ పెద్ద షువైఖ్‌లో ఒక గోదాముకి ఫోర్‌మన్. వారమంతా హమాలీల మీద అరిచిన గొంతుతోనే శుక్రవారం మమ్మల్నీ అదిలించేవారు. నాకు ఒళ్లు మండేది. ఆసుపత్రిలో నర్సుగా అందరిచేతా మాటలు పడేది చాలక సెలవు రోజు కూడానా! అయినా ఆయన మాట ఎవరమూ దాటేవాళ్లం కాదు.

మండు వేసవిలో ఒక వారం ఆయన ఉపవాస ప్రార్థన ప్రకటించారు.

"వచ్చే శుక్రవారం అందరూ ఉండాలి. అందరూ అంటే అందరూ. నేను ముగింపు ప్రార్థన చేసి ఆమేన్ అనేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు."

"పనిలో ఉండేవాళ్ల సంగతేంటి అన్నయ్యా?" అన్నాను.

"దేవుడికంటే పని ఎక్కువా చెల్లెమ్మా?" అని నా నోరు మూయించారు. ఆ మాట పీట మీది ఫోను కూడా వింటోందని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ శుక్రవారం వాక్యం సగంలో ఉండగా ఫోనులోంచి "అమ్మా!" అని కేక. ధబ్బున ఏదో పడింది. మామా అరబ్బీలో అరిచింది, ఎవరినో ఈడ్చుకెళ్తున్నట్టు చప్పుడైంది, ఆ తర్వాత ఏమీ లేదు. అందరం సంఘ పెద్ద వంక చూశాం.

"ఆరాధన ఆపండి," అన్నారాయన గొంతు తగ్గించి. "ఎవరూ కిక్కురుమనొద్దు. మన గొంతు అక్కడ వినబడిందా, ఆ పిల్ల పని పోద్ది. ఫోను కట్ చేయొద్దు. ఏదైనా వినబడితే నాకు ఫోన్ కొట్టండి. చెల్లెమ్మా, నువ్వు రా."

ఒకసారి చెల్లెలికి మందులివ్వడానికి గేటు దాకా వెళ్లాను కాబట్టి ఇల్లు నాకు తెలుసు. టాక్సీ ఎక్కామన్నమాటే గాని దారంతా నా ప్రాణం నా దగ్గర లేదు. పడ్డదా? కొట్టారా? తలకి తగిలిందా? ఆయన ఫోను మోగుతుందేమోనని భయం, మోగకపోతే ఇంకా భయం.

"నీళ్లు కూడా వద్దన్నాను కదా?" అన్నారు ఉన్నట్టుండి.

"అన్నారు."

"ఆ పిల్ల కూడా వినుంటాది."

"వినదా మరి! ఆ ఫోను పెట్టేదే అందుక్కదా!" అని కసిరాను. ఆయన ముందుకు వంగి, కాస్త తొందరగా పొమ్మని డ్రైవర్ని బతిమాలారు. ఎన్నడూ వినని ఆ గొంతుకి నాకు మరింత కంగారు పుట్టింది.

గేటు మామాయే తీసింది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి మాకు చెల్లెలవుతుంది, చూడటానికి వచ్చాం, ఈవిడ నర్సు అని పెద్దాయన అరబ్బీలో చెప్పేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆమె ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. ఇస్త్రీ గది బయట, వసారాలో, చెల్లెలు గోడకి చేరగిలబడి ఉంది. కళ్లు తిరిగి పడినప్పుడు ఇస్త్రీపెట్టె మణికట్టు మీద పడి కాలింది. పెదాలు ఎండిపోయాయి. ముందు మజ్జిగ గ్లాసు. నాడి చూస్తే అందీ అందనట్టుంది.

"తాగు ముందు!" అన్నాను.

"తాగనండి అక్కా. అన్నయ్యగారు ఆమేన్ అనలేదు కదండి. ఆ గదిలోకి ఎల్లనిత్తే ఇనేదాన్ని."

"చచ్చిపోతావే పిచ్చిదానా!" అని అరిచాను. గ్లాసు నోటికి ఆనిస్తే పళ్లు బిగించేసింది. సగం మజ్జిగ నా ఒళ్లోనే ఒలికింది.

ఉపవాసమని నేను అరబ్బీలో చెప్పగానే మామా తల పట్టుకుంది. "మేమూ రంజాన్‌లో ఉపవాసాలుంటాం. జబ్బు చేస్తే విడవమనే కదా దేవుడు చెప్పాడు! ఈమె ఎవరికి భయపడుతోంది?"

"నాకు మామా," అన్నారు పెద్ద.

చెప్పులు విడిచి వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నారు. అరగంటకి తక్కువ ప్రార్థన చేసి ఎరగని మనిషి. "తండ్రీ, ఈ బిడ్డ మీద నేను పెట్టిన బరువు తీసెయ్యి. ఆమేన్," అన్నారు. అంతే. మజ్జిగ గ్లాసు తనే పట్టుకున్నారు. ఆమె కళ్లు మూసుకుని గుక్క తర్వాత గుక్క మింగుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

కాలిన చోట బొబ్బలెక్కుతున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నాను. మామా కాదనలేదు, చెల్లెలి గుర్తింపు కార్డు తెచ్చి ఇచ్చింది. కానీ సాయంత్రం ఇంటికి చుట్టాలొస్తున్నారట, ఇస్త్రీ గదిలో మగవాళ్లు వేసుకునే తెల్లటి పొడుగు దిష్దాషాలు గుట్టగా పడున్నాయి. ఇస్త్రీకి వంటమనిషిని పిలుస్తానంటూ మామా లోపలికి కదిలింది.

చెల్లెలు మంచి చేత్తో నన్ను పట్టుకుంది. "అక్కా... దుప్పటి కింద..."

వంటమనిషి దుప్పటి ఎత్తిందంటే ఫోను సంగతంతా బయటపడిపోతుంది.

"ఎవరినీ పిలవొద్దు మామా, నేను చేస్తాను," అన్నారు పెద్ద.

మామా ఆయన్ని ఎగాదిగా చూసింది. నేనూ చూశాను. "మీకు ఇస్త్రీ వచ్చా అన్నయ్యా? ఏ శుక్రవారమైనా నలగని చొక్కా వేసుకున్నారా మీరు?"

"నేర్చుకుంటాను. నువ్వు బండి చూడు."

చెల్లెల్ని టాక్సీలో కూర్చోబెట్టి, వెళ్తున్నామని చెప్పడానికి గది గుమ్మం దాకా వచ్చాను. ఆయన దుప్పటి అంచు ఎత్తి, కింది ఫోను మీదికి వంగి, గుసగుసగా మాట్లాడుతున్నారు.

"మన చెల్లెలు మజ్జిగ తాగింది. ఉపవాసం ఖలాస్. అందరూ లేచి అన్నాలు తినండి."

దుప్పటి కింద నుంచి ఎవరో వెక్కిన చప్పుడు సన్నగా వినబడింది.

"మరి మీరు?" అన్నాను.

"ఈ గుట్ట అవ్వనీ," అని ఇస్త్రీపెట్టె అందుకున్నారు. అది బుస్సుమంది. సాల్మియాలో మా పీట మీది ఫోనులో కూడా ఆ చప్పుడు వినబడే ఉంటుంది.